వేసవి అడవుల్లో నిప్పుపై ఆంక్షలు: ఉత్తర్వు ఎక్కడ నిలుస్తున్నది, ఎక్కడ జారిపోతున్నది
(ప్రత్యేక వ్యాసం)

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి ద్వితీయార్ధం నుంచి తొలకరి వర్షాలు కురిసే జూన్ మాసం వరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అటవీ ప్రాంతాలు అగ్నిప్రమాదాల ముంగిట ఉంటాయి. నల్లమల, శేషాచలం, పాపికొండలు, కవ్వాల్, అమ్రాబాద్ తదితర ప్రాంతాల్లో అధిక భాగం ఆకురాల్చే అడవులు కావడం వలన మహాశివరాత్రి నాటికే నేలపై ఎండుటాకు మందంగా పేరుకొని ఉంటుంది. దానితోపాటు నిలువెత్తు బోద గడ్డి ఎండి నిలిచి ఉంటుంది. ఈ రెండింటికి మధ్యాహ్నపు గాలి తోడైతే, ఆర్పకుండా పారవేసిన ఒక్క చుట్టముక్క చాలును. అందువలననే ఈ మాసాలలో అడవి లోపల, అడవి అంచున నిప్పు రాజేయడంపై నిషేధం అమలు చేయడం, దండోరా వేయించడం, చెక్‌పోస్టుల వద్ద హెచ్చరిక బోర్డులు నిలపడం ఆనవాయితీగా జరుగుతున్నది.

అయితే ఉత్తర్వు జారీ కావడం వేరు, అది మంట పుట్టే చోటికి చేరడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

చట్టం ఏమి చెబుతున్నది

రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం, అడవికి ముప్పు కలిగే విధంగా నిప్పు రాజేయడం లేదా మండుతున్న నిప్పును విడిచి వెళ్లడం 1967 నాటి అటవీ చట్టం 20వ సెక్షన్ ప్రకారం నేరం. ఉమ్మడి రాష్ట్రంలో రూపొందిన ఈ చట్టం విభజన అనంతరం రెండు రాష్ట్రాలలోను కొనసాగుతున్నది. అభయారణ్యాల విషయంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ఇదే నిషేధాన్ని మరింత స్పష్టంగా విధించింది. 2022లో ఆమోదం పొంది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ తరువాత ఈ చట్టం కింద సాధారణ ఉల్లంఘనకు మూడు సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. నిప్పు విషయంలో నిర్లక్ష్యం వహించి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చినవారికి భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కూడా వర్తిస్తుంది.

కాబట్టి శిక్షలకు కొరత లేదు. కొరత ఉన్నది రెండు చోట్ల. మొదటిది, అడవి హద్దు దాటిన వెంటనే మొదలయ్యే పట్టా భూమి. పత్తి కట్టె, మొక్కజొన్న చొప్ప, మిరప మోళ్లు తగులబెట్టే రైతు తన పొలంలోనే తగులబెడుతున్నాడు. ఆ మంట గట్టు దాటి అడవిలో ప్రవేశించిన తరువాతనే అటవీ సిబ్బందికి పని పడుతున్నది. ముందుగా నిలువరించే అధికారం ఆచరణలో జిల్లా కలెక్టరుకు, ఇతర కార్యనిర్వాహక మేజిస్ట్రేట్లకు భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ ద్వారా సంక్రమిస్తున్నది. పూర్వం 144వ సెక్షన్‌గా అందరికీ తెలిసినది ఇదే. అయితే దీని కింద జారీ అయ్యే ఉత్తర్వు గడువు రెండు నెలలు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే తప్ప అంతకు మించి చెల్లదు. నిప్పు కాలం మాత్రం నాలుగు నెలలు. ఫిబ్రవరి మధ్యలో ఉత్తర్వు ఇస్తే ఎండలు ముదిరే ఏప్రిల్ మధ్య నాటికి అది ముగిసిపోతుంది. ఈ లెక్క చిన్నదిగా కనిపించినా, ఉత్తర్వు తేదీని నిర్ణయించే అధికారులు ముందుగా గమనించవలసినది ఇదే.

రెండవ కొరత సాక్ష్యానికి సంబంధించినది. అడవిలో మంట కనిపించేసరికి దానిని రాజేసిన వ్యక్తి అక్కడ ఉండడు. కాలిన నేలపై అడుగుజాడ కూడా మిగలదు. కేసు గుర్తుతెలియని వ్యక్తులపై నమోదై అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడ ఒక అసమానత కూడా ఉన్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో నివసించే ప్రతి వ్యక్తి తనకు తెలిసిన మంటను ఆర్పడానికి, సమీపంలోని మంట వ్యాపించకుండా అడ్డుకోవడానికి బాధ్యుడు. అనగా పెంటలో నివసించే చెంచు కుటుంబంపై చట్టం ఒక విధిని మోపింది. అదే అడవి గుండా లారీ నడిపి బీడీ ముక్కను కిటికీలో నుంచి విసిరిన వ్యక్తిపై నిషేధం ఉన్నదే తప్ప, ఆర్పవలసిన విధి ఏదీ ఈ సెక్షన్‌లో లేదు. అడవి కాలినప్పుడు మొదటి అనుమానం మాత్రం తరచుగా పెంటలవైపే మళ్లుతున్నది.

మంట ఎవరి అవసరం

మన అడవులలో పిడుగుపాటు వలన పుట్టే మంటలు బహు స్వల్పం. దాదాపు అన్నీ మనుషుల చేతి మీదుగా పుట్టినవే. వాటిలో ఆకతాయితనం కొంత ఉన్నప్పటికీ, జీవనోపాధి పాలు గణనీయమైనది. దీనిని గుర్తించకుండా రూపొందించిన ఆంక్షలు కాగితంపైనే ఉండిపోతాయి.

ఇప్పపువ్వును ఉదాహరణగా తీసుకొనవచ్చును. మార్చి, ఏప్రిల్ మాసాలలో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. లేత పసుపు వన్నె పువ్వు ఎండుటాకుల నడుమ కనిపించదు. కనిపించినా ఒక్కొక్కటిగా ఏరడానికి పూట గడుస్తుంది. చెట్టు కింద ఆకును ముందురోజే తగులబెడితే నల్లని నేలపై పువ్వు స్పష్టంగా కనిపిస్తుంది, చేతికి త్వరగా వస్తుంది. చెట్టు చుట్టూ ఆకును ఊడ్చి కుప్ప చేసి, ఆరిపోయేవరకు కాపలా ఉంటే ప్రమాదం లేదు. ఒక కుటుంబం పది చెట్లు చూసుకోవలసి వచ్చినప్పుడు ఆ కాపలా సాధ్యపడడం లేదు. చెట్టు కింద వలలు గాని పాత చీరలు గాని పరచి పువ్వును పట్టడం దీనికి తేలికైన ప్రత్యామ్నాయం. నిప్పు అవసరమే ఉండదు, పువ్వుకు మట్టి అంటదు కనుక సరుకు కూడా మేలురకంగా ఉంటుంది. గిరిజన సహకార సంస్థ కొనుగోలు కేంద్రాలలో శుభ్రమైన పువ్వుకు ధరలో తేడా చూపగలిగితే, దండోరా కంటె ఆ తేడాయే ఎక్కువ పని చేయగలదని భావించవచ్చును.

బీడీ ఆకు సంగతి మరింత జటిలమైనది. 1971 చట్టం ద్వారా బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. తునికి పొదలను ఫిబ్రవరి, మార్చి మాసాలలో నరికితే ఏప్రిల్ నాటికి లేత ఆకు సమృద్ధిగా వస్తుంది. దీనినే కొమ్మ కొట్టడం అంటారు. ఇది కూలి ఖర్చుతో కూడిన పని. నిప్పు పెట్టినా పొద మొదటి నుంచి కొత్త చిగురు వేస్తుంది, కూలి మిగులుతుంది. ఆకు కోసుకొని కట్టకు ఇంత అని తీసుకొనే కూలీకి ఈ మిగులులో వాటా లేదు. అందుచేత యూనిట్ పరిధిలో మంట లేచినప్పుడు దాని బాధ్యతను ఆకు కోసినవారిపై కాక, యూనిట్‌ను కొనుగోలు చేసినవారిపై నిలిపే నిబంధన ఎంత గట్టిగా ఉంటే అంత మేలు. కొమ్మ కొట్టడం పూర్తయినదీ లేనిదీ సీజనుకు ముందే తనిఖీ చేయడం పెద్ద కష్టమైన పని కాదు. నరికిన మోడు, కాలిన మోడు చూడగానే తెలిసిపోతాయి.

ఇక పశువుల మేతకు లేత గడ్డి రావాలని పెట్టే మంటలు, తేనె తీసేందుకు పొగ పెట్టిన తరువాత విడిచిన కొరవులు, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో పోడు నరికి కాల్చే మంటలు కలవు. పోడు మంటలు ఈ చర్చలో ప్రత్యేకంగా నిలుస్తాయి. అవి తరతరాల సేద్య విధానంలో భాగం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద హక్కుపత్రం పొందిన భూమిలో రైతు పంట వ్యర్థాలను కాల్చడాన్ని, రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని ఒకే గాటన కట్టడం సమంజసం కాదు. అదే చట్టం 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణులను సంరక్షించే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఏ రోజు, ఏ వేళ, ఎంతమంది కాపలాతో కాల్చాలో గ్రామసభ తీర్మానించి, ఆ తేదీని బీట్ అధికారికి ముందుగా తెలిపే పద్ధతి పూర్తి నిషేధం కంటె ఆచరణయోగ్యం.

శ్రీశైలం దారి

నల్లమలలో నిప్పు ఆంక్షలకు అసలు పరీక్ష యాత్రల కాలంలో ఎదురవుతున్నది. మహాశివరాత్రికి, ఆ తరువాత ఉగాదికి వేలాది భక్తులు కాలినడకన శ్రీశైలం చేరుకుంటారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తుల సంఖ్య విశేషంగా ఉంటుంది. ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగే ఈ దారి పులుల అభయారణ్యం లోపలి నుంచి వెళుతున్నది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర కూడా ఇటువంటిదే. ఆ లోయలోకి సంవత్సరంలో ఆ కొద్ది రోజులు మాత్రమే భక్తులను అనుమతిస్తారు. మూడు సందర్భాలూ ఆకు పూర్తిగా ఎండిన కాలంలోనే వస్తాయి. పంచాంగం మారదు కాబట్టి ఏర్పాట్లే మారాలి.

నడిచి అలసిన భక్తుడు రాత్రి మజిలీలో మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకోవడం తప్పుగా భావించడు. అది యాత్రలో భాగమే. అతనిని అడ్డుకొని శిక్షించడం సిబ్బందికి సాధ్యమూ కాదు, వాంఛనీయమూ కాదు. మార్గంలో స్వచ్ఛందంగా అన్నదానం చేసే బృందాలు వంటకు నిర్ణీత స్థలాలనే వాడుకొని, ఆ స్థలం చుట్టూ ఆకు ఊడ్చి, నీటి డ్రమ్ములు ఉంచి, కట్టెపొయ్యికి బదులు గ్యాసు పొయ్యి వాడితే వంట నిప్పులలో అధిక భాగం తగ్గిపోతుంది. తినడానికి అన్నం దొరికే చోట ఎవరూ పొయ్యి రాజేయరు. ఆ తరువాత మిగిలేవి బీడీ, అగరువత్తి, కర్పూరం. హెచ్చరిక బోర్డుల విషయంలో ఒక చిన్న మాట: ఉగాది యాత్రకు వచ్చేవారిలో అధికులు కన్నడిగులు. తెలుగులో మాత్రమే రాసిన బోర్డు వారికి చెట్టుతో సమానం.

2014 మార్చిలో శేషాచలం కొండలపై చెలరేగిన మంటలు పాత్రికేయులకు గుర్తుండే ఉంటాయి. తిరుమల పరిసరాలకు మంటలు చేరువ కావడంతో భారత వాయుసేన హెలికాప్టర్లు నీటిని తెచ్చి కుమ్మరించవలసి వచ్చింది. ఎర్రచందనానికి నిలయమైన కొండలవి. తమిళనాడులోని తేని జిల్లా కురంగణి వద్ద 2018 మార్చిలో సంభవించిన దుర్ఘటన ఇంకా విషాదకరం. కొండ నడకకు వెళ్లిన బృందం మంటలలో చిక్కుకొని 20 మందికి పైగా మరణించారు. ఆ తరువాతనే ఆ రాష్ట్రం అటవీ ప్రాంతాలలో నడక యాత్రలకు ప్రత్యేక నిబంధనలు రూపొందించింది.

ఉపగ్రహం చూసేది, చూడనిది

భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహ సమాచారం ఆధారంగా అగ్ని హెచ్చరికలు పంపుతున్నది. ఇందులో హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం పాత్ర కీలకమైనది. తొలుత వాడిన మోడిస్ సాధనం ఒక కిలోమీటరు చదరాన్ని ఒక బిందువుగా చూసేది. 2017 నుంచి వాడుకలోకి వచ్చిన వీర్స్ సాధనం 375 మీటర్ల చదరాన్ని చూడగలదు. 2019 జనవరిలో ప్రారంభమైన మూడవ తరం వ్యవస్థతో హెచ్చరికలు బీట్ స్థాయి వరకు మొబైల్ ఫోనుకే చేరుతున్నాయి.

ఇది గొప్ప సదుపాయమే గాని దీని పరిమితులను అధికారులు, పాత్రికేయులు ఇరువురూ గ్రహించవలసి ఉన్నది. వీర్స్‌ను మోసుకొని వెళ్లే ఉపగ్రహం మన మీదుగా సుమారు మధ్యాహ్నం ఒకటిన్నరకు, తిరిగి రాత్రి ఒకటిన్నరకు సాగిపోతుంది. మధ్యాహ్నం మూడు గంటలకు పుట్టిన మంట ఆ రాత్రి వరకు దాని కంట పడదు. అప్పటికి ఆరిపోయిన మంట ఎన్నటికీ లెక్కకు రాదు. గుబురు కొమ్మల కింద నెమ్మదిగా పాకే నేల మంట కూడా తప్పించుకొనవచ్చును. అందుచేత కొండపై నిలిచి పొగను గమనించే ఫైర్ వాచర్ అవసరం నేటికీ తీరలేదు.

సంఖ్యల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక బిందువు ఒక మంట కాదు. ఒకే పెద్ద మంట వరుసగా రెండు రోజులు పాకితే పదుల బిందువులుగా నమోదవుతుంది. మోడిస్ లెక్కను, వీర్స్ లెక్కను పక్కపక్కన పెట్టి ‘ఇన్ని రెట్లు పెరిగిన కార్చిచ్చులు’ అని శీర్షిక పెట్టడం సరికాదు, పెరిగినది చూపు. 2023-24 సీజనులో దేశవ్యాప్తంగా 2,03,544 బిందువులు నమోదు కాగా, అంతకు ముందు సీజనులో 2,12,249, దానికి ముందు 2,23,333 నమోదైనట్లు అటవీ స్థితి నివేదిక తెలుపుతున్నది. ఒకే సాధనంతో లెక్కించినవి కనుక వీటిని పోల్చవచ్చును. 2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో 18 వేలకు పైగా, తెలంగాణలో 13 వేలకు పైగా బిందువులు నమోదయ్యాయి. రెండు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలోనే ఉన్నాయన్నది నిర్వివాదం. జిల్లా అధికారిని ప్రశ్నించేటప్పుడు బిందువుల సంఖ్యతో పాటు ఎన్ని హెక్టార్లు కాలినది, హెచ్చరిక అందిన ఎంతసేపటికి సిబ్బంది చేరుకున్నదీ అడగడం ఉచితం. ఆ మూడు సమాధానాలూ కలిస్తేనే చిత్రం పూర్తవుతుంది.

పూర్తి నిషేధమా, అంచెల నిషేధమా

ఇతర రాష్ట్రాల అనుభవాలు ఇక్కడ ఉపకరిస్తాయి. ఉత్తరాఖండ్‌లో 2024 వేసవిలో మంటలు తీవ్రం కావడంతో, పశుగ్రాసం తగులబెట్టడంపై వారం రోజులపాటు, అడవుల సమీపంలో పట్టణ చెత్తను కాల్చడంపై పూర్తిగా నిషేధం విధించారు. మంటలు చెలరేగిన తరువాత వచ్చిన ఉత్తర్వు అది. జూన్ 13వ తేదీన బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పడానికి వెళ్లిన నలుగురు సిబ్బంది అక్కడికక్కడే మరణించారు. చేతిలో పచ్చి కొమ్మ, భుజాన లీఫ్ బ్లోయర్‌తో మంటకు ఎదురు వెళ్లే తాత్కాలిక వాచర్ మన అడవులలోను ఉన్నాడు. ఆంక్షల చర్చ అంతిమంగా అతని ప్రాణానికి సంబంధించినది.

కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల అనుభవం వేరొక కోణాన్ని చూపుతున్నది. అక్కడి సోలిగ గిరిజనులు పూర్వం సీజను ఆరంభంలో, ఆకు పూర్తిగా ఎండకముందే, చిన్న మంటలు పెట్టేవారు. నిషేధం తరువాత ఆ అలవాటు ఆగింది. ఆపై లాంటానా పొదలు విపరీతంగా పెరిగాయని, పేరుకున్న ఇంధనంతో తరువాతి మంటలు మరింత తీవ్రమవుతున్నాయని సోలిగలు చెబుతున్నారు. వారితో కలిసి పనిచేసిన పరిశోధకులూ ఈ వాదనను బలపరిచారు. దీనిని యథాతథంగా నల్లమలకు వర్తింపజేయలేము. అయినా అటవీ శాఖ స్వయంగా ఫైర్ లైన్లను ఫిబ్రవరి లోపు నియంత్రిత పద్ధతిలో కాలుస్తున్నది. అనగా సరైన వేళ, సరైన కాపలాతో పెట్టిన నిప్పు అడవికి రక్షణ అన్న సూత్రం శాఖకు కొత్తది కాదు. ఆ పనిలో చెంచుల నేల పరిజ్ఞానాన్ని, వన సంరక్షణ సమితులను ఎంతవరకు భాగస్వాములను చేయవచ్చునన్నది పరిశీలించదగిన విషయం. వాచర్ల నియామకంలో పెంటల యువకులకు ప్రాధాన్యం ఇస్తే దారి చూపేవారూ, మంటను మొదట చూసేవారూ ఒకరే అవుతారు.

మరొక అంశం నిషేధపు స్వరూపం. ఆస్ట్రేలియా రాష్ట్రాలలో పూర్తి నిషేధం రోజువారీ వాతావరణాన్ని బట్టి, ఆయా ప్రాంతాలకు ప్రకటిస్తారు. ఆ రోజు ఆరుబయట పొయ్యి సైతం రాజేయరాదు. మన వద్ద నాలుగు నెలలూ ఒకే ఉత్తర్వు, ఒకే బోర్డు. ప్రతిరోజూ వినిపించే హెచ్చరికకు చెవులు అలవాటు పడిపోతాయి. భారత అటవీ సర్వే సంస్థ వారం వారం ముందస్తు ప్రమాద సూచనలు వెలువరిస్తున్నది. వాటి ఆధారంగా సీజను అంతటికీ వర్తించే సాధారణ ఆంక్షలు, గాలి, ఎండ తీవ్రమైన వారాలలో మాత్రమే వర్తించే కఠిన ఆంక్షలు అని రెండు అంచెలుగా ప్రకటించవచ్చును. కఠిన వారంలో పొలం వ్యర్థాల దహనం, అటవీ మార్గాలలో వంట, బీడీ ఆకు కల్లాల వద్ద పొయ్యి పూర్తిగా నిలిపివేయాలి. సాధారణ వారంలో ముందస్తు సమాచారంతో, నిర్ణీత వేళలో అనుమతించాలి. రైతుకు కూడా ఇది అర్థమయ్యే పద్ధతి. ఎన్నడూ కాల్చవద్దు అంటే వినని వ్యక్తి ఈ వారం వద్దు, వచ్చే వారం కాల్చుకో అంటే వినే అవకాశం ఉన్నది.

నిధుల విషయానికి వస్తే, కేంద్ర ప్రాయోజిత పథకం కింద అటవీ అగ్ని నివారణకు 60:40 నిష్పత్తిలో నిధులు సమకూరుతున్నాయి. ఫైర్ లైన్లు ఫిబ్రవరికి ముందే సిద్ధం కావాలి, వాచర్లు అప్పటికే విధుల్లో ఉండాలి. ఆర్థిక సంవత్సరం చివరలో అందిన నిధులు ఈ రెండు పనులకూ ఆలస్యమైనవే.

అగ్ని హెచ్చరికల కోసం అటవీ శాఖ సిబ్బందే కాక ఎవరైనా భారత అటవీ సర్వే సంస్థ వెబ్‌సైటులో తమ మొబైల్ నంబరు నమోదు చేసుకొనవచ్చును. అటవీ అంచు మండలాల తహసీల్దార్లు, పంచాయతీ కార్యదర్శులు, స్థానిక పాత్రికేయులు సీజను ఆరంభానికి ముందే నమోదు చేసుకుంటే, పొలం నుంచి అడవికి పాకే మంట సమాచారం రెండు వైపులా ఒకే సమయానికి అందుతుంది.